ఫోన్‌లో అరవై పాఠాలు.. చేతిలో ఒక్క పాట లేదు!

గిటార్ మొదలుపెట్టేవాళ్లకు ఇప్పుడు పాఠాలకు కొదవ లేదు. వీడియోలు, యాప్‌లు, పుస్తకాలు, కార్డ్స్ సైట్లు, వీధి చివర మాస్టారు.. అన్నీ ఉన్నాయి. మరి చాలా ఇళ్లలో మూడో నెలకే గిటార్ బీరువా ఎందుకు ఎక్కేస్తోంది?

కిందటేడు సంక్రాంతికి ఊరెళ్తూ గిటార్ కూడా పట్టుకెళ్లాను. దెబ్బ తగులుతుందేమోనని బస్సులో రాత్రంతా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నా. నేను గిటార్ నేర్చుకుంటున్నానని అప్పటికే వాట్సాప్ స్టేటస్‌ల పుణ్యమా అని చుట్టాలందరికీ తెలిసిపోయింది. భోగి నాడు సాయంత్రం అందరూ అరుగు మీద చేరాక పెదనాన్న అడగనే అడిగారు.

"ఏరా, ఏదో వాయిస్తున్నావంటగా. ఓ పాట అందుకో, విందాం."

ఒక పాట మొదట్లో వచ్చే బిట్ వాయించాను. బాగానే వచ్చింది. "ఊఁ.. తర్వాత?" అన్నారు. తర్వాతది నాకు రాదు. ఇంకో పాట పల్లవి సగం వాయించి ఆగిపోయాను. మూడోది కార్డ్‌లు మారేచోట ఇరుక్కుపోయింది. బాబాయి కూతురు, రెండో క్లాసు పిల్ల, ఓపిగ్గా చూసి చూసి అడిగింది. "అన్నయ్యా, ఇందులో పాట ఎప్పుడొస్తుంది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఫోన్ తీసి లెక్కపెట్టా. సేవ్ చేసుకున్న వీడియోలు 63. యాప్‌లు 3. ఫ్రెండ్ పంపిన పీడీఎఫ్‌లు 4. మూడు నెలలు, రోజూ దాదాపు గంట. పూర్తిగా వచ్చిన పాటలు సున్నా. నాకు తోచిన కారణం ఒక్కటే. "నా వేళ్లు పొట్టివి. సంగీతం మన ఒంట్లో లేదు." పండగ అయ్యాక గిటార్ అక్కడే వదిలేసి వచ్చేద్దామని కూడా అనుకున్నా.

రెండు నిమిషాల్లో తేలిపోయింది

మా వీధి చివర చర్చిలో ఆదివారాలు గిటార్ వాయించే అన్న ఒకాయన ఉన్నారు. కనుమ నాడు కనిపిస్తే మొహమాటపడుతూనే గిటార్ చూపించా. ఆయన ఏ కార్డూ పట్టుకోకుండా ఆరు తీగల్నీ ఒకసారి మీటారు. మొహం చిట్లించారు.

"తమ్ముడూ, రెండో తీగ ఎక్కడ పెట్టావ్?"

"ట్యూనర్ యాప్‌లో పచ్చ లైట్ వచ్చిందన్నా."

"లైట్ కాదు, అక్షరం చూశావా?"

చూడలేదు. గిటార్‌లో లావు తీగ నుంచి సన్న తీగ వరకు మామూలు శృతి ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ. నా రెండో తీగ బీ దగ్గర ఉండాల్సింది ఏ దగ్గర ఉంది. ట్యూనర్ అన్ని స్వరాలూ పట్టే మోడ్‌లో ఉంటే, ఏ స్వరానికి దగ్గరగా ఉంటే దానికే పచ్చ లైట్ వేస్తుంది. యాప్ తప్పు చెప్పలేదు. నేనే సగం చదివాను. ఏ మైనర్ పట్టుకున్నప్పుడల్లా పుల్లగా మోగుతుంటే ఎన్నో రోజులుగా నా వేళ్లను తిట్టుకుంటున్నా.

తర్వాత వాయించమన్నారు. పది సెకన్లు చూసి, "ఫోన్ ఎక్కడ పెట్టుకుని నేర్చుకుంటావ్?" అన్నారు.

"మంచం మీద."

"అదీ సంగతి. కింద ఉన్న ఫోన్ చూడ్డానికి వంగుతున్నావ్. వేళ్లు కనపడాలని గిటార్‌ని నీ వైపు పడుకోబెడుతున్నావ్. మణికట్టు మడతపడిపోతోంది. ఇంక వేళ్లు ఎలా అందుతాయి?"

మూడు నెలల్లో 63 వీడియోలు చెప్పలేని రెండు సంగతులు రెండు నిమిషాల్లో తేలిపోయాయి. వీడియోలు చెడ్డవి కావు. అవి నన్ను చూడలేవు, అంతే.

దేని పని దానిదే

ఆ రోజు నుంచి నేను వేరేలా ఆలోచించడం మొదలుపెట్టా. మనం "ఏది బెస్ట్?" అని వెతుకుతాం. యాప్ బెస్టా, యూట్యూబ్ బెస్టా, క్లాసులు బెస్టా? నిజానికి అడగాల్సింది, "ఇది ఏ పని చేస్తుంది, ఏది చేయలేదు?" అని.

వీడియో చూపిస్తుంది. కానీ మనల్ని చూడదు. యాప్ వింటుంది. కానీ కూర్చున్న తీరు పట్టించుకోదు. పుస్తకం వరస తప్పనివ్వదు. కానీ మోగి వినిపించదు. కార్డ్స్ సైట్ మనకిష్టమైన పాట ఇస్తుంది. అది కరెక్టో కాదో హామీ ఇవ్వదు. మాస్టారు చూస్తారు, వింటారు, సరిచేస్తారు. కానీ వారానికి గంటో రెండు గంటలో. మిగతా రోజులన్నీ మనమే.

నా దగ్గర 63 వీడియోలు ఉన్నాయంటే 63 రకాల సాయం ఉన్నట్టు కాదు. ఒకే రకం సాయం 63 సార్లు ఉన్నట్టు. ఇంట్లో అరవై గరిటెలు ఉండి ఒక్క గిన్నె కూడా లేకపోతే వంట ఎలా అవుతుంది? రకానికి ఒకటి చొప్పున కలుపుకుంటే నాలుగైదు చాలు.

వరస కోసం ఒక్క కోర్సు

మొదటిది వరస. ఏ కార్డ్ తర్వాత ఏది, ఎప్పుడు స్ట్రమ్మింగ్, ఎప్పుడు ఎఫ్ కార్డ్.. ఇవి మనం నిర్ణయించుకోకూడదు. ఒక కోర్సుకు అప్పజెప్పేయాలి. టాస్మానియాలో పుట్టిన జస్టిన్ శాండర్‌కో 2003లో మొదలుపెట్టిన జస్టిన్‌గిటార్ సైట్‌లో మొదటి మెట్టు నుంచి వరసగా ఉచిత పాఠాలున్నాయి. పుస్తకం ఇష్టమైతే హాల్ లెనార్డ్ గిటార్ మెథడ్ లాంటివి తరతరాలుగా వాడుతున్నారు. పరీక్షలు రాస్తే తప్ప కదలని బాపతు అయితే ట్రినిటీ, రాక్‌స్కూల్ గ్రేడ్‌లు మన దేశంలోనూ జరుగుతాయి. పరీక్ష కట్టకపోయినా వాటి సిలబస్ చూస్తే ఏది ముందో, ఏది తర్వాతో తెలుస్తుంది.

ఏదైనా పర్లేదు. కానీ ఒక్కటే. ఎందుకంటే రెండు కోర్సులు ఒకేసారి మొదలుపెడితే అవి పోట్లాడుకుంటాయి. ఒకరు జీ కార్డ్ మూడు వేళ్లతో పట్టమంటారు. ఇంకొకరు నాలుగు వేళ్లతో అంటారు. ఇద్దరూ కరెక్టే. కానీ మన వేళ్లకు రోజుకో అలవాటు నేర్పితే ఏదీ కుదరదు. ప్రధాన కోర్సు ఏం చెప్పిందో అదే పట్టుకోండి. మిగతా పద్ధతులు మొదటి ఆరు నెలలు అయ్యాక చూసుకోవచ్చు.

ఇంకో తికమక కూడా ఉంది. ఒకటో తీగ అంటే సన్నది. కానీ గిటార్ పట్టుకుంటే మనకి పైన ఉండేది లావు తీగ, అంటే ఆరోది. ట్యాబ్ రాతలో మళ్లీ తిరగేసి ఉంటుంది. ఆరు గీతల్లో అన్నిటికన్నా కింద గీతే లావు తీగ. వీడియోలో విన్నది, ట్యాబ్‌లో చూసింది కలవట్లేదని జుట్టు పీక్కునేవాళ్లలో చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు.

యాప్‌కి చెవులున్నాయి, కళ్లు లేవు

యూసీషియన్ లాంటి యాప్‌లు ఫోన్ మైక్‌తో మన వాయిద్యం విని, స్వరం పడిందా, టైమ్‌కి పడిందా అని మార్కులు వేస్తాయి. ఆటలా ఉంటుంది కాబట్టి రోజూ గిటార్ పట్టుకునేలా చేస్తాయి. బద్ధకస్తులకి (నాలాంటివాళ్లకి) ఇది పెద్ద సాయమే.

కానీ స్కోరు కోసం మనం ఏం చేస్తామో యాప్‌కు తెలీదు. బొటనవేలు బిగబట్టి, భుజం పైకెత్తి, పళ్లు కొరికి స్వరం పలికించినా దానికి అది ఫుల్ మార్కులే. అందుకే యాప్‌కి ఒకే పని ఇవ్వండి. ప్రాక్టీసుకు కూర్చోబెట్టడం. ఎలా కూర్చోవాలో దాన్ని అడగొద్దు.

నొప్పి విషయంలోనూ ఇదే తేడా తెలియాలి. స్టీల్ తీగల మీద మొదటి కొన్ని వారాలు వేళ్ల కొనలు మండటం మామూలే. చర్మం గట్టిపడ్డాక తగ్గిపోతుంది. మణికట్టులోనో, అరచేతిలోనో నొప్పి వస్తే మాత్రం అది 'అలవాటు అవుతుంది' అని ఓర్చుకునేది కాదు. ఆపి, తెలిసిన మనిషికి చూపించాల్సింది.

నెలకోసారైనా ఒక మనిషి

ప్రతి వారం క్లాసుకి డబ్బులో, టైమో లేకపోవచ్చు. సరే, నెలకోసారి చాలు. కాలేజీ బ్యాండ్‌లో సీనియర్, చర్చిలో వాయించే అన్న, ఆర్కెస్ట్రాలో చేసే మాస్టారు.. ఎవరైనా ఫర్వాలేదు. ఉత్త చేతులతో వెళ్లకండి. మూడు ప్రశ్నలు రాసుకెళ్లండి. "సీ నుంచి జీకి మారేటప్పుడు ఉంగరం వేలు ఆలస్యం అవుతోంది, ఎందుకు?" అని అడిగితే వెంటనే జవాబు దొరుకుతుంది. "గిటార్ నేర్పండి" అంటే ఎవరికైనా ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు.

ఆ మనిషికి మన వాయిద్యమే వచ్చి ఉండాలని కూడా లేదు. మాండలిన్ శ్రీనివాస్ కథ గుర్తు తెచ్చుకోండి. 1969లో పాలకొల్లులో పుట్టిన ఆయనకు మాండలిన్ ఇంట్లోనే దొరికింది. వాళ్ల నాన్న సత్యనారాయణ వాయించేవారు. పాఠం చెప్పిన గురువు రుద్రరాజు సుబ్బరాజుకి మాత్రం మాండలిన్ రాదు. ఆయన పాడేవారు. పిల్లాడు విని దాన్ని తీగల మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ చేసేనాటికి ఆ పిల్లాడికి తొమ్మిదేళ్లు. వాయిద్యం ఒకచోట నుంచి, సంగీతం ఇంకోచోట నుంచి వచ్చాయి. ఆ రెండూ కలిపింది ఆ పిల్లాడి చెవి.

ఇళయరాజాదీ అలాంటి దారే. 1968లో మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం మొదలుపెట్టారు. లండన్ ట్రినిటీ కాలేజీ క్లాసికల్ గిటార్ కోర్సును దూరవిద్యలో చేసి బంగారు పతకం అందుకున్నారు. మరోవైపు సలీల్ చౌధురి లాంటి సంగీత దర్శకుల దగ్గర గిటార్ వాయించారు. గురువు, సిలబస్, స్టూడియో.. మూడూ మూడు పనులు చేశాయి. ఆ రోజుల్లో యూట్యూబ్ లేదు. 'కలిపి నేర్చుకోవడం' మాత్రం ఉంది.

పాట లేకపోతే పస లేదు

రెండో వారంలోనే ఒక పాట ఎంచుకోండి. ఒక్కటే. మూడు నాలుగు కార్డ్‌లున్నది, మీకు నోటికి వచ్చినది. కార్డ్స్ కోసం సైట్లలో వెతికితే ఒకే పాటకు రెండు మూడు రకాలు కనిపిస్తాయి. ఒకదాంట్లో ఏ అని ఉంటుంది. ఇంకోదాంట్లో జీ అని, 'కాపో రెండో ఫ్రెట్' అని ఉంటుంది. కంగారు పడకండి. కాపో క్లిప్పు రెండో ఫ్రెట్‌లో బిగించి జీ ఆకారం పట్టుకుంటే మోగేది ఏ కార్డే. రెండూ ఒకటే.

సీ, ఎఫ్, జీ, ఏ మైనర్‌లతో రాసిన పాట దొరికి, ఎఫ్ దగ్గర ఏడుపొస్తోందా? చాలామంది గిటార్ మానేసేది ఆ ఎఫ్ దగ్గరే. ఒక వేలితో ఆరు తీగలూ నొక్కడం మొదట్లో అందరికీ కష్టమే. దాన్ని కొన్నాళ్లు దాటేయొచ్చు. కాపో ఐదో ఫ్రెట్‌లో పెట్టి సీ బదులు జీ, ఎఫ్ బదులు సీ, జీ బదులు డీ, ఏ మైనర్ బదులు ఈ మైనర్ పట్టుకోండి. అదే పాట, అదే శృతి. ఎఫ్ మాత్రం మాయం.

సైట్లలో కార్డ్‌లు చాలావరకు మనలాంటివాళ్లు రాసి పెట్టినవే. కొన్ని యాప్‌లు పాట విని వాటంతట అవే పట్టేస్తాయి. రెండిట్లోనూ తప్పులు దొర్లుతాయి. అందుకే ఇక్కడ తీర్పు చెవిదే. అసలు పాటను తక్కువ స్పీడులో పెట్టి, దాంతోపాటు కార్డ్ మీటండి. కలిస్తే తెలుస్తుంది. కలవకపోతే ఇంకా బాగా తెలుస్తుంది. ఒకటి మాత్రం మర్చిపోకండి. అంతకంటే ముందు మీ గిటార్ శృతిలో ఉండాలి. నాలాగా పచ్చ లైట్ చూసి సరిపెట్టుకోకండి. అక్షరం కూడా చూడండి.

మొహమాటం లేని గురువు

మన ఫోన్‌లోనే ఇంకో గురువు ఉన్నాడు, వాయిస్ రికార్డర్. వాయిస్తున్నప్పుడు మనకి అంతా బాగానే వినిపిస్తుంది, ఎందుకంటే పాట మన తలలో నడుస్తుంటుంది. రికార్డ్ చేసి వింటే అసలు రంగు బయటపడుతుంది. కార్డ్ మారే ప్రతిచోటా తాళం ఆగిపోతుంటుంది. నా మొదటి రికార్డింగ్ విన్నప్పుడు, ప్రతి స్టాపులో ఆగే పల్లెవెలుగు బస్సు గుర్తొచ్చింది.

దీనికి మందు మెట్రోనోమ్. నిమిషానికి 60 దెబ్బలు పెట్టుకుని, నాలుగు దెబ్బలకు ఒక కార్డ్ మార్చండి. మారలేకపోతే 50కి తగ్గించండి. జస్టిన్ చెప్పే ఇంకో చిన్న ఆట కూడా బాగుంటుంది. రెండు కార్డ్‌లు తీసుకుని ఒక్క నిమిషంలో ఎన్నిసార్లు అటూ ఇటూ మార్చగలమో లెక్కపెట్టి, తేదీ వేసి రాసుకోవడం. మొదటి రోజు నాకు 11 వచ్చాయి. నెలకి 34. "నాకు రాదు" అనే మాటకు ఆ కాగితం కన్నా మంచి జవాబు నాకు దొరకలేదు.

అరగంటలో అన్నీ

నేను ఇప్పుడు రోజూ పాటిస్తున్న లెక్క ఇది. ఫోన్ కంటి ఎత్తులో, బల్ల మీద ఉంటుంది. మంచం మీద కాదు.

• 5 నిమిషాలు: ట్యూనర్, ఒక్క నిమిషం ఆట
• 10 నిమిషాలు: ప్రధాన కోర్సులో ఇవాళ్టి పాఠం. వీడియో అయితే ముందు గిటార్ పక్కన పెట్టి చూడటం, తర్వాత వీడియో ఆపి వాయించడం
• 10 నిమిషాలు: ఎంచుకున్న పాట, మెట్రోనోమ్‌తో
• 5 నిమిషాలు: ఇష్టమొచ్చినట్టు. యాప్ అయినా, ఊరికే మీటుకోవడం అయినా

ఆదివారం ఒక రికార్డింగ్. వారమంతా వచ్చిన డౌట్లు ఒక కాగితం మీద. నెలాఖరుకి ఆ కాగితంతో అన్న దగ్గరికి. వీడియో కాల్‌లో అయినా సరే, ఎడమ చెయ్యి కనపడేలా ఫోన్ పెడితే చాలు.

కొత్త వీడియోలకు ఒకటే నియమం పెట్టుకున్నా. చేతిలో ప్రశ్న ఉంటేనే వెతకాలి. బాగుందని సేవ్ చేసుకోకూడదు. యాప్‌లకి కూడా అంతే. ఏడాది సబ్‌స్క్రిప్షన్ ఆఫర్ ఎంత ఊరించినా, ముందు ఉచితంగా ఇచ్చిన రోజులు నిజంగా వాడానా లేదా అని చూసుకోవాలి. కట్టిన డబ్బు మనతో ప్రాక్టీస్ చేయించదు.

మళ్లీ అదే అరుగు

ఈ సంక్రాంతికీ గిటార్ ఒళ్లో పెట్టుకునే వెళ్లాను. భోగి సాయంత్రం ఈసారి ఎవరూ అడక్కముందే తీశా. ఒకే పాట. నాలుగు కార్డ్‌లు. సగంలో పెదనాన్న గొంతు కలిపారు. నేను ప్రాక్టీస్ చేసిన శృతి ఆయన గొంతుకి అందలేదు. ఒక్క క్షణం ఆపి, కాపో జరిపి మళ్లీ ఎత్తుకున్నా. రెండో చరణంలో ఒకచోట వేలు తప్పింది, కానీ తాళం వదల్లేదు. చివరిదాకా వెళ్లిపోయాం.

"ఇంకోటి వాయించరా" అన్నారు పెదనాన్న.

"ఇంకోటి రాదు పెదనాన్నా. ఇదొక్కటే పూర్తిగా వచ్చు."

"అయితే ఇదే మళ్లీ వాయించు" అంది బాబాయి కూతురు.